లైన్ అంటే దారమే

మా ఇంగ్లీషు సార్ బతికి ఉంటే ఇప్పుడు తొంభైకి దగ్గర పడి ఉంటాడు. పోయి ఉంటే, ఆయన ఆత్మకు శాంతి కలగాలని నేనైతే కోరుకోను. ఆయనకు చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది. అది వినకుండా హాయిగా వెళ్ళిపోయాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాము పగ పన్నెండేళ్ళు అంటారు. ఆ పన్నెండేళ్ళు మూడుసార్లు తిరిగిపోయాయి, నాది ఇంకా చల్లారలేదు.

ఈ పగ పుట్టింది ఒక చిన్న ఇంగ్లీషు మాట దగ్గర. లైన్.

మేముండే ముంబై కామాటిపురలో ఆ మాట అనని మనిషి లేడు. అక్షరం ముక్క రాని మా నానమ్మ కూడా రోజుకు పదిసార్లు అనేది. పొద్దున నల్లా దగ్గర బిందెలు పెట్టేది లైన్. రాషన్ దుకాణం ముందు సంచీ పట్టుకుని నిలబడేది లైన్. రైళ్ళు నడిచేది లైన్ మీద. "నీ కొడుకు ఏ లైన్ల ఉన్నడు?" అంటే ఏం పని చేస్తున్నాడని. ఒకడు రంగుల లైన్, ఒకడు ప్లంబింగ్ లైన్, మా మేనమామ ఏళ్ళ తరబడి తిని తిరిగే లైన్. కుర్రాళ్ళు మా చాల్ కింద, అంటే ఒంటిగది ఇళ్ళ మేడ కింద, నిలబడి గ్యాలరీలోని ఆడపిల్లలకు వేసేది కూడా లైనే. నాలుగు గల్లీల అవతల గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్ళను సైతం లోకం ఆ మాటతోనే పిలిచేది. మా అమ్మ మాత్రం ఇంట్లో ఆ మాట అననిచ్చేది కాదు. నీళ్ళు రాని రోజు వాళ్ళూ మనమూ ఒకే ట్యాంకర్ వెనక ఉరుకుతాం, మాటలు జాగ్రత్త అనేది.

ఇన్ని లైన్లలో మా ఇంటికి అన్నం పెట్టింది ఒకటే. మా నాయిన తాపీ మేస్త్రి. ఆయన లైన్ ఒక తెల్లటి నూలు దారం. లైన్ దోరి అనేవాళ్ళు. అరచేయంత చెక్కముక్కకు చుట్టి, పాత తంబాకు డబ్బాలో దాచేవాడు. గోడ కట్టేటప్పుడు ఆ దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి లాగుతారు. ఇటుకలన్నీ దాని పక్కన కూర్చోవాలి. ఒక కొస మేస్త్రి దగ్గర ఉంటుంది. రెండో కొసను ఒక ఇటుకకు చుట్టి, ఆ ఇటుకను సరైన చోట పెట్టి, పైన ఇంకో ఇటుక బరువు పెట్టాలి. వరస వరసకూ దాన్ని పైకి జరపాలి. రెండో కొస దగ్గర ఇంటి మనిషే ఉండాలని మావాళ్ళ పట్టింపు. అక్కడ ఉన్నవాళ్ళను మేస్త్రి మళ్ళీ లేచి వచ్చి చూసుకోడు. చూసుకుంటే నమ్మలేదని అర్థం. తమ్ముణ్ణి అట్లా చూసుకున్నందుకు అన్నదమ్ములు పనులు విడగొట్టుకున్న కథ ఒకటి మా నానమ్మ చెప్పేది.

దసరా నాడు మా ఒంటిగది ఖోలీలో తాపీకి, తూకం గుండుకు, దారానికి పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం. పూజ అయ్యాక నాయిన దారం ఒక కొస తాను పట్టుకుని రెండోది నాకు ఇచ్చేవాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించి లాగి, ఇద్దరం కళ్ళకు అద్దుకునేవాళ్ళం. నాకు అయిదేళ్ళు వచ్చినప్పటి నుంచీ ఆ కొస నాదే. ఇంట్లో నాకంటూ ఉన్నది అదొక్కటే. పలక కూడా పక్కింటి పిల్ల వాడి ఇచ్చిందే.

మా చాల్‌కు రెండు గల్లీల అవతల ఒక ధర్మసంస్థ వాళ్ళ తెలుగు బడి ఉండేది. ఎనభైల మొదట్లో మాట. అప్పటికే మా వైపు పిల్లలు సగం మంది మరాఠీ బడికి పోతున్నారు. నాయిన పట్టుబట్టి నన్ను తెలుగు బడిలో వేశాడు. నాకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు సార్ కోస్తా నుంచి వచ్చినవాడు. నలగని చొక్కా, జేబులో ఎర్ర సిరా పెన్ను. తెలంగాణ నుంచి వలస వచ్చిన మావాళ్ళ తెలుగు ఆయన చెవికి ఎక్కేది కాదు. "సార్, నల్లా బంద్ అయింది, అందుకే లేట్ అయిన" అని నేనంటే, "ఇందులో తెలుగు ఎక్కడుందో ఎవరైనా వెతికి పెట్టండి" అనేవాడు. క్లాసంతా నవ్వేది. నవ్వినవాళ్ళు కూడా ఇంటికి వెళ్ళి అదే భాష మాట్లాడేవాళ్ళు. అది వేరే సంగతి.

ఒక శుక్రవారం ఆయన బోర్డు మీద లైన్ అని ఇంగ్లీషులో రాశాడు. ఈ మాటకు ఎన్ని అర్థాలున్నాయో, అసలు ఎక్కడి నుంచి పుట్టిందో తెలిసినంత రాసుకురమ్మన్నాడు. బాగా రాసినవాళ్ళ పేరు పెద్దబాయికి చెబుతానన్నాడు. పెద్దబాయి అంటే మా ప్రధానోపాధ్యాయురాలు. బడిలో అందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు.

ఆ రెండు రోజులూ నేను చాల్‌లో ప్రతి గుమ్మం తొక్కాను. రైలు లైన్, ఫోన్ లైన్, కరెంటు లైన్, పుస్తకంలో లైన్, చేతిలో లైన్. చెయ్యి చూసి జాతకం చెప్పే ముసలాయన కింది ఖోలీలోనే ఉండేవాడు. అమ్మ ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక టైలర్ దుకాణానికి కోట్ల లోపలి గుడ్డ కుట్టేది. దాన్ని లైనింగ్ అంటారు. "నా లైనింగ్ గూడ రాయవే, నేనేం పాపం జేసిన?" అంది. అది కూడా రాశాను. పుట్టుక సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆఖరికి నానమ్మను అడిగాను. ఆమె వయసులో ఉన్నప్పుడు నెత్తిన ఇటుకలు మోసిన మనిషి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గిది గూడ అడగాల్నా? ముందుగాల దారమే. దారం గుంజకుంటే వరుస ఏడికెల్లి వస్తది?"

నాకది గట్టిగా తాకింది. పేజీ పైన, అన్నింటికంటే ముందు, లైన్ అంటే దారం, మిగతావన్నీ దాని నుంచే వచ్చాయి, అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

సోమవారం సార్ నా నోటుబుక్కు తీసి చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగాడు. బయటికే చదివాడు. "ఇది ఏ గ్రంథంలో చూశావమ్మా?"

"మా నానమ్మ చెప్పింది సార్. మా నాయిన దోరి..."

"దారం దారమే, లైన్ లైనే. ఇంట్లో మట్టి పిసికేవాళ్ళు అన్న మాటలు తెచ్చి ఇంగ్లీషుకు పూయకు. అది భాష, మీ గోడ కాదు."

ఎర్ర పెన్నుతో ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. ఊరుకోకుండా పేజీ మొత్తం మీద ఇంకోటి కొట్టాడు. నేను ఏడవలేదు. "మా నానమ్మ అన్నది రైటే సార్" అన్నాను. అదీ నేను చేసిన నేరం. ఎదురు చెప్పిన పిల్ల ఆయన క్లాసులో అప్పటిదాకా లేదు.

ఆ ఏడు ఇంగ్లీషులో నేను తప్పాను. అక్షరం రాని నానమ్మ, పేపరు మీద సున్నాలు ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి చూసింది. సార్ నాయినను పిలిపించాడు. నాయిన పని మధ్యలో వచ్చాడు, కాళ్ళకు సిమెంటు, చెప్పులు గుమ్మం బయట విడిచాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఈ పిల్లకు చదువు అబ్బదండీ. మీరూ శ్రమ పడకండి, మమ్మల్నీ పెట్టకండి. చేతులు బాగానే ఉన్నాయి, ఏదైనా పనిలో పెట్టుకోండి."

నాయిన నా చేతుల వైపు చూశాడు. చదువుకున్న సార్ చెప్పాడంటే ఆయనకు అది డాక్టరు చెప్పినట్టు. "మంచిది సారూ" అన్నాడు. మా చాళ్ళలో ఆడపిల్ల చదువు అప్పట్లో ఎవరో ఒకరు అడ్డం చెప్పేదాకానే నడిచేది. చెప్పేవాళ్ళ కోసం ఇంటి చుట్టాలంతా కాచుకుని ఉండేవాళ్ళు. జూన్‌లో బడి తెరిచారు, నేను అమ్మ పక్కన కూర్చుని లైనింగులు కుట్టాను. కుట్టినవి మూట కట్టి టైలర్‌కు ఇచ్చి రావడం కూడా నా పనే. పోయేటప్పుడు బడి ముందు నుంచే పోవాలి. లోపల నా క్లాసువాళ్ళు పాఠం అప్పజెప్పడం వినిపించేది. వాళ్ళు తప్పు చెబితే నేను రోడ్డు మీద నిలబడి సరిదిద్దేదాన్ని.

ఆ రోజుల్లో నేను సార్‌ను ఎన్ని రకాలుగా చంపానో లెక్కలేదు. నలగని చొక్కా మీద మోరీ నీళ్ళు పోసేదాన్ని. మెట్ల మీద నూనె పోసేదాన్ని. అంతా ఊహలోనే. ఊహలో ఆయన పడ్డ ప్రతిసారీ నాకు కడుపు నిండేది. సూది వేలికి గుచ్చుకున్నప్పుడల్లా ఆయన పేరే తిట్టేదాన్ని. ఇంత వయసు వచ్చాక ఇది రాయడానికి సిగ్గు పడాలేమో. సిగ్గు మాత్రం రావడం లేదు.

ఒక ఆదివారం నాయినకు దాదర్‌లో పని దొరికింది. అక్కడ మన తెలుగువాళ్ళ గ్రంథాలయం ఒకటి ఉండేది, మెట్లు పగిలాయి. కొస పట్టడానికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం సిమెంటు ఆరే దాకా నేను లోపలికి వెళ్ళి నిలబడ్డాను. పుస్తకాలు చూసుకునే పెద్దాయన ఏం కావాలి పాపా అని అడిగాడు. లైన్ అనే మాట ఎక్కడ పుట్టిందో కావాలన్నాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, రెండు చేతులతో ఎత్తాల్సిన ఒక నిఘంటువు తీశాడు. వేలితో వెతికి, చదివి, నాకు తెలుగులో చెప్పాడు.

లైన్ అంటే మొదట అవిసె నార. ఆ నారతో పేనిన దారం. లాటిన్ వాళ్ళు ఆ దారాన్ని బిగించి లాగి కొలతలు తీసేవాళ్ళు. దారం పోయిన దారి గీత అయింది. గీత వెంట నిలబడ్డవాళ్ళు వరస అయ్యారు. వరసగా రాసిన అక్షరాలు, వరసగా వేసిన పట్టాలు, తాతల నుంచి వచ్చే వంశం, అన్నీ తరువాతి సంగతులే. కోటు లోపల వేసే గుడ్డ కూడా మొదట అవిసె నార గుడ్డే, అందుకే దాని పేరు లైనింగ్.  నాయిన చేతిలో ఉన్నది, అమ్మ ఒళ్ళో ఉన్నది, రెండూ ఆ మాటకు అమ్మానాయినలు. వాటినే సార్ ఎర్ర సిరాతో కొట్టేశాడు.

ఆయన ఇచ్చిన కాగితం మీద అంతా రాసుకున్నాను. నిఘంటువు పేరు మాత్రం రాసుకోలేదు. అది కంఠతా పట్టాను. ఎందుకు అట్లా చేశానో అప్పుడు నాకే తెలియదు. పగ పట్టినవాళ్ళకు చేతులు ముందు నడుస్తాయి, బుద్ధి తరువాత వస్తుంది.

ఆ వానాకాలం బడి ప్రహరీ గోడ ఒక పక్క కూలింది. వానలు కాస్త తెరిపి ఇచ్చాక ఆ పని మా నాయిన పట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ముంబైలో ఇన్ని గోడలుండగా ఆ గోడే దొరికిందా అని అమ్మ దగ్గర గొణిగాను. "నీ నాయిన్నే అడుగు పో" అంది. అడిగితే, "పని పనే గదా బిడ్డా" అన్నాడు. కొస పట్టడానికి నేను వెళ్ళక తప్పలేదు. నా పాత క్లాసు కిటికీకి పది అడుగుల దూరంలో, పాత చీర చుట్టిన నెత్తితో, నేను ఇటుక మీద ఇటుక పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి నా బెంచీ పిల్ల చూసి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

ఆ పని చూసుకునే బాధ్యత సంస్థవాళ్ళు ఇంగ్లీషు సార్‌కు అప్పగించారు. ఇంటర్వెల్‌లో వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. నన్ను చూసి, "చూశావా, పని దొరికింది" అన్నాడు. మంచి మాటే చెప్పినట్టు అన్నాడు.

నేను అప్పుడే నిశ్చయించుకున్నాను. గోడ వంకర పోతే సంస్థవాళ్ళు అడిగేది చూసుకునేవాణ్ణి. నలుగురి ముందు తలవంచుకునేది ఆయన. నా పదమూడేళ్ళ బుద్ధికి అందిన లెక్క అంతే. నాయిన గేటు దగ్గర ఉన్నాడు, నేను పాత గోడ మిగిలిన చోట ఉన్నాను, మధ్యలో కూలిన రాళ్ళ గుట్ట. అటు నుంచి ఇటు కనబడదు.

"కొస మంచిగున్నదా బిడ్డా?" అని నాయిన అరిచాడు.

దారం చుట్టిన ఇటుకను రెండు వేళ్ళ మందం రోడ్డు వైపు జరిపాను. "ఉన్నది నాయినా" అన్నాను.

ఆయన లేచి రాలేదు. ఎందుకు వస్తాడు? రెండో కొస దగ్గర ఉన్నది సొంత బిడ్డ. వరస వరసకూ అడిగాడు, వరస వరసకూ ఉన్నది అన్నాను. ఒక్కోసారి ఆ మాట అన్నప్పుడు నోట్లో బెల్లం పెట్టుకున్నంత తీపి. ముందు గుట్ట అవతలి సగం ఆరు వరసలు లేచింది. మూడు గంటల చాయ్ వేళకు నాయిన ఆ వరసలను పొడిగించుకుంటూ రాళ్ళ గుట్ట దాటి నా వైపు వచ్చాడు. కొత్త గోడ పాత గోడను కలవాల్సిన చోటికి వచ్చేసరికి కలవలేదు. రెండు వేళ్ళు బయటికి పొడుచుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. సార్ వచ్చాడు, వెనక పిల్లలు. చూశాడు. సంస్థవాళ్ళు లేరు, తలవంచుకునే అవసరం ఆయనకు రాలేదు. నాయిన వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"కూతురికి తెలివి లేదని జాలిపడ్డాను. ఇది ఇంటి జబ్బని ఇవాళ అర్థమైంది. ఎన్నేళ్ళ నుంచి కడుతున్నావయ్యా గోడలు?"

ముప్ఫై ఏళ్ళ నుంచి కడుతున్నాడు. ఆయన కట్టిన గోడకు గుండు వేసి చూసే సాహసం ఏ కాంట్రాక్టరూ చేయలేదు. పని కోసం కూలీలు చేరే నాకా మీద ఆయన నిలబడితే మిగతా మేస్త్రీలు పక్కకు జరిగేవాళ్ళు. ఆ మనిషి దారం వెంట నడుచుకుంటూ వచ్చి, నా ఇటుక దగ్గర వంగి, చూశాడు. తరువాత నన్ను చూశాడు. నేను జరిపిన గుర్తు తడి మట్టిలో అట్లాగే ఉంది.

"నాదే తప్పయింది సారూ" అన్నాడు. "కొస సూసుకోలేదు. ఇప్పుడే తీసేస్త."

పిల్లలందరూ చూస్తుండగా గడ్డపార తీసుకుని తాను పొద్దుటి నుంచి కట్టిన ఆరు వరసలూ తానే పడగొట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపిందని మా నానమ్మ ఎవరెవరినో అనేది. నా దుత్త అంత పెద్దది. సార్ చొక్కా మీద దుమ్ము పడుతుందని వెనక్కి జరిగి, కాసేపు చూసి, లోపలికి వెళ్ళాడు.

పిల్లలు పోయాక ఇద్దరం కూర్చుని ఇటుకలకు అంటిన పచ్చి సిమెంటు మాలు గీకాం. నాయిన కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది.

"వాన్ని కొట్టాలనిపిస్తే రాయి తీస్కొని కొట్టకపోయినవా" అన్నాడు చివరికి. "నా గోడతోని ఎందుకు కొట్టినవ్ బిడ్డా?"

నాయిన ఇంకో ఇటుక గీకి పక్కన పెట్టాడు.

"గోడ అయినంక పెద్దబాయిని అడుగుదామనుకున్న. పిల్లను మల్ల బడిల కూసోబెట్టుండ్రని. ఉత్త చేతులతోని పోయి అడిగితే ఎవరింటరు? గందుకే ఈ పని పట్టిన."

ఆ మాట విన్న తరువాత నాకు ఏడుపు వచ్చింది. సార్ ముందు రాని ఏడుపు అంతా అప్పుడు వచ్చింది. నాయిన ఓదార్చలేదు, తిట్టలేదు. దారాన్ని విప్పి, నీళ్ళలో కడిగి, మళ్ళీ బిగించాడు. ఆ రోజు రెండో కొస దగ్గర మాలు కలిపే ఆడమనిషిని కూర్చోబెట్టాడు. నన్ను ఇటుకలు అందించమన్నాడు.

గోడ నాలుగు రోజుల్లో లేచింది. పాత గోడా కొత్త గోడా ఎక్కడ కలిశాయో వేలు పెట్టి తడిమినా తెలియలేదు. పెద్దబాయి వచ్చి చూసి, చాలా బాగుంది మేస్త్రీ అంది. నాయిన నెత్తి రుమాలు తీసి చేతిలో పట్టుకుని అడిగాడు. నా పేరు చెప్పాడు, ఇంగ్లీషులో తప్పిందని కూడా దాచకుండా చెప్పాడు. ఆమె నన్ను పిలిచి రెండు పాఠాలు చదివించింది. చదివాను. వచ్చే సోమవారం నుంచి రా, మళ్ళీ ఎనిమిదిలోనే కూర్చో అంది. కొట్టేసిన గోడ సంగతి ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. నాయిన అమ్మకు కూడా చెప్పలేదు.

ఇంతటితో నా పగ చల్లారాలి. అది చల్లారలేదు సరికదా, ఇంకా మండింది. సార్ అన్న మాట నన్నయితే సర్దుకునేదాన్నేమో, నాయినను అన్నాడు. బడిలో మొదటి రోజే దాదర్‌లో రాసుకున్న కాగితానికి నకలు రాసి సార్ టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివాడు. నన్ను చూశాడు. మడిచి జేబులో, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని, "వెళ్ళి కూర్చో" అన్నాడు. అంతే.

దసరా సెలవులకు ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయన ముందు సార్ మా క్లాసుకు పాఠం చెప్పాడు. బోర్డు మీద అదే మాట రాశాడు. అవిసె నార, లాటిన్ వాళ్ళు, బిగించి లాగిన దారం, కోటు లోపలి గుడ్డ. నా కాగితంలోని వరస తప్పకుండా చెప్పాడు. "మన మేస్త్రీల చేతుల్లో ఈ మాట పుట్టుక ఇప్పటికీ బతికే ఉంది" అని కూడా అన్నాడు. ఆ ఒక్క వాక్యం మాత్రం ఆయన సొంతం. వెనక బెంచీలో నాకు చెవుల్లోంచి పొగలు వచ్చాయి.

ఇన్‌స్పెక్టర్ మురిసిపోయాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఎంత చక్కటి సంగతి మాస్టారూ. ఏ నిఘంటువులో చూశారు? మిగతా బడులకూ చెబుతాను."

సార్ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. నా కాగితంలో ఆ పేరు లేదు. "అదీ... పెద్ద నిఘంటువే" అన్నాడు. "పేరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. సార్ కిటికీలోంచి మా నాయిన గోడ వైపు చూశాడు. నేను తొందరపడలేదు. ఆయన నుదుటి మీద చెమట నాకు స్పష్టంగా కనబడే దాకా కూర్చుని, అప్పుడు లేచాను.

"నేను చెప్త సార్. సార్ చదివింది నేను రాసిచ్చిన చిట్టీ." పేరు చెప్పాను. దాదర్ గ్రంథాలయంలో ఏ అరలో ఉందో చెప్పాను. సంచీలోంచి పోయినేటి నోటుబుక్కు తీసి ఎర్ర గీతలున్న పేజీ తెరిచి ఇన్‌స్పెక్టర్ చేతికి ఇచ్చాను. "ఇదే సంగతి పోయిన సంవత్సరం రాస్తే సార్ కొట్టేసిండు. మట్టి పిసికెటోళ్ళ మాట అన్నడు. మా నాయిన మేస్త్రి సార్, ఆ కనబడే గోడ ఆయన కట్టిందే."

ఇన్‌స్పెక్టర్ పేజీని చూశాడు, సార్‌ను చూశాడు, తన చిన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. సార్ ముఖం నలగని చొక్కా మీద నలిగిపోయిన ముఖం. ఆ సుఖం ఎట్లా ఉంటుందో నేను దాచుకోను. ఇన్నేళ్ళలో నాకు ఉద్యోగం వచ్చింది, ఇల్లు వచ్చింది, పిల్లలు పుట్టారు, వాటన్నింటితో కలిపి కూర్చోబెట్టదగిన సుఖం అది. తరువాత రెండేళ్ళు ఆయన నా వైపు చూడకుండా పాఠం చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఉరికి నాయినకు అంతా చెప్పాను. చెమట సంగతి రెండుసార్లు చెప్పాను. ఆయన తంబాకు నలుపుతూ విన్నాడు, నవ్వాడు కూడా. "మంచిగయింది" అన్నాడు. ఇక అంతా సరిపోయిందనుకున్నాను.

అదే వారం దసరా. తాపీకి, గుండుకు, దారానికి పసుపు కుంకుమ పెట్టాం. నానమ్మ హారతి ఇచ్చింది. నాయిన దారం విప్పి ఎప్పటిలాగే ఒక కొస నాకు ఇచ్చాడు.  నాదే, ఇంకా నాదే అనుకున్నాను. ఈ గోడకు ఆనుకుని రెండు చేతులతో పట్టుకున్నాను, ఆయన ఆ గోడ దగ్గరికి వెళ్ళి బిగించి లాగాడు.

"మంచిగున్నదా బిడ్డా?"

"ఉన్నది నాయినా."

మా ఖోలీ ఆ గోడ నుంచి ఈ గోడకు నాలుగు అడుగులు. నాయిన తన కొసను మేకుకు చుట్టి, ఆ నాలుగు అడుగులూ నడిచి వచ్చి, వంగి, నా వేళ్ళ మధ్య దారాన్ని చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. తల ఊపి, మళ్ళీ తన కొస దగ్గరికి వెళ్ళాడు.

సార్, మార్కులకు, బడికి, మీరు అన్న మాటలకు మనకు చెల్లు. ఈ నాలుగు అడుగులు మిగిలాయి. ఆ ఇటుక జరిపింది నా చెయ్యే, కాదనను. అందులో మీ వాటా మీరు తీసుకుంటే తప్ప నా వాటా నాకు బరువు తగ్గదు.

నాయిన ఇంకా పందొమ్మిది దసరాలు చేశాడు. ప్రతి దసరాకూ కొస నాకే ఇచ్చాడు, ప్రతిసారీ వచ్చి చూసుకున్నాడు.